దాస్యఫలమును భుజించువారు

ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని దాసునిగా నుంచుకొనుట పాపమనుటలో నేడు వాదమునకు తావు లేదు. కొరడా పట్టినవాడు దోషి యని చిన్నపిల్లలును చెప్పుదురు. అయితే ఆ కొరడా క్రింద పండిన పంటను కొన్నవాడు, దానిని వడికినవాడు, నేసినవాడు, ఆ వస్త్రమును కట్టుకొని పండుగ చేసికొన్నవాడు – వీరి మాట యేమి? వీరు ఎవ్వరిని కొట్టలేదు, ఎవ్వరిని అమ్మలేదు. తమ సొమ్మిచ్చి అంగడిలో వస్తువు తెచ్చుకొనిరి. వీరికి ఆ పాపములో పాలు కలదా, లేదా?

ఈ ప్రశ్న నాకు మొదట గ్రంథములలో ఎదురుపడలేదు. మా యింటి వసారాలో ఎదురుపడినది. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు పత్తి సంగతి చెప్పవలెను. ఈ విషయమున మా ప్రాంతమువారికి పత్తిని మించిన సాక్షి లేదు.

గండికోట వద్ద కొండను చీల్చుకొని వెలువడిన పెన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల మీదుగా సాగిపోవును. ఆ చుట్టుపట్ల నల్లరేగడి నేలలు విస్తారముగా కలవు. ఆ నేలలకు పత్తి పాతకాలపు చుట్టము. ప్రొద్దుటూరు పత్తి వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. అచ్చటి అంగళ్లలో పత్తి ధర హెచ్చుట తగ్గుటలను గూర్చి మాటలాడు పెద్దలు ‘బొంబాయిలో ఏమాయెను’ అని విచారింతురు. వారి తాతల తండ్రుల కాలములో విచారింపవలసిన చోటు బొంబాయి కాదు, అమెరికా. ఇది అతిశయోక్తి కాదు.

1793లో అమెరికాలో ఎలీ విట్నీ యనునాతడు పత్తి నుండి గింజను వేగముగా వేరుచేయు యంత్రమును కల్పించెను. పని సులువు చేయు యంత్రము పనివానికి విశ్రాంతి నిచ్చునని మనము తలతుము. అచ్చట జరిగినది విపరీతము. గింజ తీయుట సులువు కాగానే పత్తి సేద్యము లాభసాటి యయ్యెను. లాభము పెరుగగానే దాసుల గిరాకి పెరిగెను. 1860 నాటి జనాభా లెక్కలలో ఆ దేశమున దాసులు 39 లక్షల 50 వేలకు పైబడి యుండిరి. వారి వివాహములను శాసనము వివాహములుగా నెంచలేదు. తల్లి దాసి యైనచో బిడ్డయు దాసుడే. తండ్రి యజమానుడే యైనను అంతే. తన రక్తమును తానే అంగడిలో అమ్ముకొన్న తండ్రులు ఆ దేశమున కలరు. ఆ పత్తిలో అధికభాగము ఇంగ్లండుకు పోయెడిది. లాంకషైరు మిల్లులు వాడిన పత్తిలో సుమారు అయిదింట నాలుగు పాళ్లు ఆ దాసుల చేతులు ఏరినదే. ఆ మిల్లుల గుడ్డ మన దేశమునకు వచ్చి మన మగ్గములను మూలబెట్టెను. అనగా మన ముత్తవ్వలు చవుకగా వచ్చినదని మురిసి కట్టుకొన్న సీమగుడ్డలో మిసిసిపీ దాసి కన్నీరు కలదు. వారికి తెలియదు. తెలియకపోవుట ఎంతవరకు రక్షయో ముందు చూతము.

దాస్యమును ద్వేషించిన ఇంగ్లీషువారిలో కొందరు ఒక ఉపాయము తలచిరి. దాసులు పండించిన పత్తిని ఓడింపవలెనన్న స్వేచ్ఛగా పనిచేయువారు పండించిన పత్తిని తేవలెను. అట్టిది హిందూదేశమున కలదు. ఈ తలంపుతో 1839లో లండనులో బ్రిటిష్ ఇండియా సొసైటీ యను సభ ఏర్పడెను. మన పత్తి పుణ్యపు పత్తి యని అచ్చట ఉపన్యాసములు జరిగెను. ఇందొక వింత కలదు. మరుసటి యేడు, 1840లో, కుంపిణీవారు ఇచ్చటి రైతులకు మేలైన పత్తి సేద్యము నేర్పుటకై అమెరికా నుండి పది మందిని పిలిపించిరి. ఎచ్చటి నుండి? దాసుల చేత సేద్యము చేయించుకొను మిసిసిపీ ప్రాంతము నుండియే! పుణ్యపు పత్తికి గురువులుగా వచ్చినవారు వారు.

అంతకన్న లోతైన వింత మరియొకటి. మన పత్తి నిజముగా స్వేచ్ఛగలవారి పంటయేనా? కరవు కాలములలో మన తీరము నుండి మనుష్యులను ఓడలకెక్కించి అమ్మినవారు కలరు. 17వ శతాబ్దమున పులికాటులోని డచ్చివారు ఆ వ్యాపారము చేసిరి. ఊళ్లలో అప్పుకు బిడ్డను ఉంచుట, వంశముగా ఒక యింటికి కట్టుబడి పనిచేయుట మన పల్లెలకు క్రొత్త కాదు. 1843లో అయిదవ చట్టము వచ్చినదాక మన దేశపు న్యాయస్థానములు దాసుని మీద యజమానుని హక్కును విచారించుచునే యుండెను. ఆ చట్టము చేసినది స్వల్పము. ఎవ్వరిని పిలిచి ‘నీవు స్వతంత్రుడవు’ అని చెప్పలేదు. దాసుని మీది హక్కును న్యాయస్థానము గుర్తింపదని మాత్రము చెప్పెను. బాకీకై మనిషిని అమ్మరాదనెను. దాసుని ఉంచుకొనుట నేరమగుటకు 1860 నాటి శిక్షాస్మృతి వచ్చి, 1862లో అమలగువరకు ఆగవలసివచ్చెను. చట్టము గొలుసును తీసెను. అప్పుపత్రమును ముట్టలేదు. ఆ అప్పుపత్రము కథ ఇంకను నూరేండ్లు నడచినది.

1861 ఏప్రిలులో అమెరికాలో అంతర్యుద్ధము మొదలాయెను. ఉత్తరపువారి ఓడలు దక్షిణపు రేవులను దిగ్బంధము చేసెను. పత్తి బయటికి రాకపోయెను. వెంటనే లాంకషైరు కన్ను మన వైపు తిరిగెను. బళ్లారి, కర్నూలు, కడప నేలలలో పత్తి ధర ఎన్నడును ఎరుగనంత పెరిగెను. జొన్న చల్లవలసిన చేలలో పత్తి చల్లినవారు కలరు. 1865 ఏప్రిలులో యుద్ధము ముగిసెను. ఆరు లక్షలకు మించిన జనులు మడిసిరి. అచ్చటి దాసులు విముక్తులైరి. ఇచ్చట పత్తి ధర కూలెను. ధర హెచ్చునని అప్పు చేసినవారికి అప్పు మిగిలెను. 1876–78 మహాక్షామము ఈ జిల్లాలనే పీడించెను. దూరదేశపు పాపము, దూరదేశపు పుణ్యము రెండును పెన్న ఒడ్డున వడ్డీతో లెక్కకు వచ్చినవి.

ఆ నాలుగేండ్ల లాభమును పొందిన రైతును నేను తప్పుపట్టను. ఎవరి రక్తము చేత తన పత్తికి విలువ వచ్చినదో ఆతనికి తెలిసియుండదు. కాని తెలిసినవారు ఏమి చేసిరో చూడుడు. పత్తి లేక మిల్లులు మూతపడగా లాంకషైరులో లక్షలకొలది కూలీలు పస్తులపాలైరి. దక్షిణపువారితో కలిసిన పత్తి వచ్చును, పొయ్యిలో పిల్లి లేచును. అట్లే చేయుమని ఆ దేశపు ధనికులలో పలువురు ప్రభుత్వమును పురికొల్పిరి. కూలీలలోను అట్లు కోరినవారు లేకపోలేదు. అయినను 1862 డిసెంబరు 31వ తేది మాంచెస్టరులో పనివారు సభ చేసి, దాస్యమును తొలగింపుమని, తాము మీ పక్షముననే యున్నామని అబ్రహాం లింకనుకు లేఖ వ్రాసిరి. మరునాడే, 1863 జనవరి 1న, ఆయన విముక్తి ప్రకటన అమలులోనికి వచ్చెను. జనవరి 19న లింకను వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. తాము నేయు పత్తి ఎవరిదో తెలిసికొని, ఆ పత్తి లేని ఆకలిని అంగీకరించిన పనివారు వీరు. మన పెద్దలు కాయకమునకు చెప్పిన శుచి ఇదియే యని నా బుద్ధికి తోచును. వారు కాయకమను మాట విని యుండరు.

శూన్యసంపాదనలోని ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన యిండ్లలో అందరు ఎరిగినదే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆతడు మామూలుకన్న ఎక్కువ తెచ్చెను. దొంగిలింపలేదు, ఎవరిని అడుగలేదు, రాలిన గింజలే. అయినను లక్కమ్మ ఆ యెక్కువను చూచి, ఇది మనకు తగదని, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథను మనము అత్యాశను గూర్చిన బోధగా చెప్పుకొందుము. నాకు అందు మరియొకటి కనబడును. ఇంటికి వచ్చిన వస్తువును చూచి ‘ఇది ఎక్కడిది, ఎవరిది’ యని అడిగినది ఇల్లాలు. అడుగు అధికారము ఆమెకు కలదు. భర్త ఆ మాట విని వెనుదిరిగెను. ఇంటిలోనికి వచ్చు ధాన్యమును వండునది స్త్రీ. దాని పుట్టుక అడుగు హక్కు ఆమెకు లేకున్న ఆ యింటి దాసోహమునకు పూచీ ఎవరు?

అమెరికాలో ఈ రెండు ప్రశ్నలు – దాస్యఫలము, స్త్రీ అధికారము – ఒకే గడప మీద కలిసినవి. ఫిలడెల్ఫియాలో లుక్రీషియా మాట్ యను క్వేకరు స్త్రీ యుండెను. దాసుల చేత పండిన చక్కెర, పత్తి తన యింట చేరరాదని ఆమె నియమము. ఆమె భర్త జేమ్సు పత్తి వ్యాపారి. 1830 ప్రాంతమున ఆయన లాభసాటి యైన ఆ వ్యాపారమును వదలి ఉన్ని వ్యాపారమునకు మారెను. మారయ్య తిరిగిపోయినట్లే! ఇంగ్లండులో 1824లో ఎలిజబెత్ హేరిక్ యను స్త్రీ, దాసుల చక్కెరను కొనువారే దాస్యమును నిలుపుచున్నారని కరపత్రము ప్రకటించెను. ఆమె వాదము సూటియైనది: కొనువాడు లేనిదే దొంగసొమ్ము దాచువాడు ఉండడు.

ఇందొక నిజము దాచరాదు. ఈ నియమము వలన దాస్యము తొలగలేదు. స్వేచ్ఛా శ్రమతో తయారైన గుడ్డ ముతకగా, ఖరీదుగా ఉండెడిది, కొన్నవారు కొద్దిమంది, అంగళ్లు పలుమార్లు మూతపడెను. దాస్యమును కూల్చినది యుద్ధము, తోటలు వదలి పారిపోయి వచ్చిన దాసుల తెగువ. ఉత్తరపు సైన్యములో సుమారు 1,80,000 మంది నల్లవారు పోరాడిరి. మరి లుక్రీషియా మాట్ చక్కెర మానుట వలన ఏమాయెను? చక్కెర బస్తాల లెక్కలో ఏమియు కాలేదు. కాని తినుచున్నది ఏమో చూచి తినుట అలవాటైన కన్ను, ఇతర విషయములను కూడ చూడసాగెను.

దక్షిణ కరోలినాలో ఒక న్యాయాధిపతికి సారా, ఏంజెలీనా గ్రిమ్‌కే యను కుమార్తెలు కలరు. దాసుల సేవతో పెరిగినవారు. ఆ సౌఖ్యమును సహింపలేక ఇల్లు విడిచి ఉత్తరమునకు పోయిరి. ఏంజెలీనా 1838లో మసాచుసెట్స్ శాసనసభా సంఘము ముందు దాస్యమునకు విరోధముగా మాటలాడెను; అమెరికాలో అట్లు మాటలాడిన మొదటి స్త్రీ ఆమె. అంతకు ముందటి యేడే ఆ ప్రాంతపు మతగురువులు స్త్రీ బహిరంగముగా ఉపన్యసించుట తగదని మందలింపు లేఖ వెలువరించిరి. దాసుల సంకెల విప్పుటకు పోయిన చేతులకు తమ సంకెల తగిలినది. సారా అదే 1838లో స్త్రీపురుషుల సమానత్వమును గూర్చిన లేఖలను గ్రంథముగా ప్రకటించెను. 1840లో లండనులో ప్రపంచ దాస్య విరోధ మహాసభకు లుక్రీషియా మాట్ ప్రతినిధిగా పోగా, స్త్రీ యని ఆసనము ఇయ్యక పక్కగా కూర్చుండబెట్టిరి. దాస్యమును నిరసించుటకు కూడిన సభలో ఈ పని జరిగెను! అచ్చట ఆమెకు ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పరిచయ మయ్యెను. ఎనిమిదేండ్లకు, 1848 జులై 19, 20 తేదీలలో, సెనెకా ఫాల్సు అను ఊరిలో స్త్రీల హక్కుల సభ జరిగినది. ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకము చేసిరి. స్త్రీకి ఓటు కావలెనన్న తీర్మానమునకు గట్టిగా అండ నిలిచినవాడు దాస్యము నుండి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్.

ఇట్లు చెప్పినచో స్త్రీల విముక్తి, దాసుల విముక్తి ఎల్లప్పుడు చేయి చేయి పట్టుకొని నడచినవని పాఠకులు భ్రమింపవచ్చును. 1839లో మిసిసిపీ రాష్ట్రము వివాహిత స్త్రీకి తన పేర ఆస్తి యుంచుకొను హక్కు నిచ్చెను. వినుటకు ఎంత బాగున్నది! ఆ శాసనములోని నిబంధనలలో ఎక్కువభాగము ఏ ఆస్తిని గూర్చినవో తెలియునా? దాసులను గూర్చినవి. భర్త అప్పులవారు వచ్చి భార్య పుట్టింటి నుండి తెచ్చుకొన్న దాసులను జప్తు చేయరాదు – ఇది ఆ స్త్రీల హక్కు. మరియొకరి మెడ మీద కాలుంచి నిలిచిన స్వాతంత్ర్యము. యుద్ధము తరువాత నల్లవారిలో పురుషులకు ఓటు వచ్చి, స్త్రీలకు – తెల్లవారికిని, నల్లవారికిని – రాకపోగా, 1869లో స్త్రీల పక్షము రెండుగా చీలెను. ఆ కోపములో కొందరు గొప్ప స్త్రీలు నల్లవారిని గూర్చి పలుకరాని మాటలు పలికిరి. వారి ఓటు 1920లో గాని రాలేదు. ఆ చీలికను గూర్చి వ్రాయుట నాకు ఇష్టము లేదు. అయినను వ్రాయకున్న చరిత్ర కాదు.

గ్రిమ్‌కే సోదరీమణుల కథలో తుది ఘట్టమొకటి కలదు. 1868లో ఏంజెలీనా ఒక పత్రికలో నల్లవారి విద్యాలయమున చదువుచున్న ఒక యువకుని ఇంటిపేరు గ్రిమ్‌కే యని చూచెను. విచారింపగా ఆ యువకుడు, ఆతని తమ్ములు, తమ సోదరుడు హెన్రీకి ఒక దాసి యందు పుట్టినవారని తేలెను. ఆమె దాచలేదు. వారిని మేనల్లుండ్రని ఒప్పుకొని, చూడబోయి, చదువునకు సాయము చేసిరి. దూరపు పాపము నిందించుట తేలిక. మన ఇంటిపేరు గల పాపము వాకిట నిలిచినపుడు పేరు పెట్టి పిలుచుట కష్టము.

మన దేశమున ఈ అమెరికా కథను తొలుత చెవినొగ్గి విన్నవారిలో మహాత్మా జోతిరావు ఫూలే యొకరు. 1873లో తమ ‘గులాంగిరి’ గ్రంథమును, దాసుల విముక్తికై పాటుపడిన అమెరికా సజ్జనులకు ఆయన అంకితమిచ్చిరి. దూరదేశపు దాస్యమును చూచి తన ఊరి దాస్యమును గుర్తుపట్టిన చూపు అది. మనలో పలువురము దూరదేశపు దాస్యమును చూచి కన్నీరు విడిచి, ఆ కంటితో ఊరిని చూడము.

ఇప్పుడు ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. ‘ఆ పని లేకున్న వాడు పస్తుండును గదా, మా యింట కనీసము కడుపు నిండినది గదా’ అని మన పెద్దలు అనెడివారు. ఇది బొత్తిగా కపటపు మాట కాదు. కరవు సీమలో కడుపు నిండుట చిన్న సంగతి కాదు. అయితే ఇదే మాటను 1857లో జార్జి ఫిట్జ్‌హ్యూ యను దక్షిణపువాడు ఒక గ్రంథముగా వ్రాసెను: మిల్లు కూలీ కన్న మా దాసుడే సుఖి యని. సుఖము కొలుచువాడు ఎవడు? దాసుడు కాదు, యజమానుడు. 1982లో మన సుప్రీంకోర్టు ఆసియా క్రీడల కూలీల కేసులో ఒక మాట స్పష్టము చేసెను: కత్తి చూపి చేయించుట మాత్రమే నిర్బంధము కాదు; ఆకలి చూపి కనీస వేతనము కన్న తక్కువకు చేయించుటయు నిర్బంధమే. అమెరికాలోను 1865 డిసెంబరున రాజ్యాంగ సవరణ దాస్యమును నిషేధించిన పిమ్మట, అదే పత్తిచేలలో అదే జనులు పాలికాపులై అంగడి అప్పులో చిక్కిరి. గొలుసు పోయెను, ఖాతా పుస్తకము వచ్చెను. మన దేశమున 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము ఆ పుస్తకమునే పట్టుకొన్నది: శ్రమతో తీర్చవలెనను అప్పు అప్పే కాదనెను.

అయినను ముగిసినదా? సంకర పత్తి విత్తనము ఎట్లు తయారగునో మన రైతులకు తెలియును. సాయంకాలము మొగ్గలోని పుప్పొడి భాగమును గోటితో తీసివేయవలెను; మరునాటి ఉదయము వేరు పువ్వు పుప్పొడిని దానికి అద్దవలెను. ఒక్కొక్క పువ్వునకు, ప్రతిదినము. 1990ల చివరను, ఆ తరువాతి యేండ్లలోను కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఈ పని చేసినవారిలో వేలకొలది మంది బడి మానిన బాలికలు. తల్లిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరువరకు బిడ్డను పనికి పిలిచెడివారు. మగపిల్లలు కాక ఆడపిల్లలే యెందుకు? వేళ్లు సన్నన యని చెప్పుదురు. కూలి తక్కువ, ఎదురు చెప్పరు – ఇది అసలు కారణము. 1793 యంత్రము వలెనే ఇదియు. క్రొత్త విద్య వచ్చి పాత దాస్యమునకు బలము పోసినది. ఆ విత్తనముల పొట్లములు మా సీమకును వచ్చినవి. మేమును చల్లితిమి. దిగుబడి బాగుగా వచ్చినదని చెప్పుకొంటిమి.

ఇక మా యింటి సంగతి.

నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున, 1957లో, ఊరి వెలుపలి వాడ నుండి నా యీడు బాలుడొకడు మా యింట జీతమునకు చేరెను. వాని తండ్రి కూతురి పెండ్లికి మా తాతగారి వద్ద 120 రూపాయలు తీసికొనెను. వాడు ఎనుములు కాయుచు, పేడ తీయుచు, కొట్టములో పండుకొనెడివాడు. వాని సత్తుగిన్నె కొట్టపు గోడకు వేరుగ వ్రేలాడెడిది. మా తాతగారు క్రూరులు కారు. వానిని ఎన్నడు కొట్టలేదు. పండుగకు గుడ్డలు ఇచ్చెడివారు. ప్రతి సోమవారము మా యింట జంగమార్చన, దాసోహము తప్పక జరిగెడివి.

ఒకనాడు వసారాలో నేను లింకను పాఠమును బిగ్గరగా చదువుచుంటిని, మరునాడు పరీక్ష. వాడు మెట్ల క్రింద గడ్డి వేయుచు నిలిచిపోయి, ‘ఆయప్ప ఇడిపించినాడా, అందురినీ?’ అని అడిగెను. ‘ఇడిపించినాడు’ అంటిని. వాడు గడ్డిమోపు ఎత్తుకొని పోయెను. నాకు పరీక్షలో మంచి మార్కులు వచ్చినవి.

మరియొక యేడు వానికి జ్వరము తగిలి కొట్టములో పడియుండగా మా అమ్మ తాతగారితో, ‘మామా, వాన్ని ఇంటికి పంపిచ్చేద్దాం, ఆ దుడ్లు పోతే పోనీ’ అనెను. తాతగారు, ‘ఇంటి లెక్కలు నీకెందుకమ్మా?’ అనిరి. అంతే. ఆమె మెడలోని లింగము, ఆయన మెడలోని లింగము ఒక్కటే. ఇద్దరిచేత ఒకే విధముగా పూజలందుకొనునదే. కాని లెక్కల పెట్టె తాళము ఒక్కరిదే. లక్కమ్మ కథ మా అమ్మయే నాకు చెప్పెను. తాను లక్కమ్మ కాలేకపోయెను.

1985 సెప్టెంబరు 5 నుండి మన రాష్ట్రమున కూతుళ్లకు పిత్రార్జితములో కొడుకులతో సమానముగా పాలు వచ్చెను. అప్పటికే పెండ్లి అయినవారికి ఆ చట్టము వర్తింపలేదు. మా అక్క ఆ గీతకు ఆవల మిగిలెను. 2005లో దేశమంతటికి వచ్చిన సవరణ ఆ గీతను తుడిచెను. మరుసటి యేడు మా భూముల పంపకము జరిగినది. అక్కకు పాలు ఇయ్యవలెనని నేనే అంటిని. అన్నందుకు కొంత గర్వముగను ఉంటిని. ఆమె పత్రము ముందు కూర్చుండి, ‘నాకు పాలు పంచేటప్పుడు వాని పాలు గూడా చూడు నాయనా’ అనెను. ఎవని పాలు అని నేను అడిగితిని. నిజముగా నాకు తోచలేదు. ఆమె పేరు చెప్పెను.

మిసిసిపీ స్త్రీల సంగతి నేను చదివినది ఆ తరువాత.

వాడు అప్పటికి ప్రొద్దుటూరులో హమాలీ పని చేసి మాని, కొడుకు వద్ద నుండెను. పిలువగా వచ్చెను. కుర్చీ వేసినను వసారా అరుగు మీదనే కూర్చుండెను. అక్క తాతగారి ఖాతా పుస్తకము తెప్పించి నా ముందుంచెను. వానికి చదువు రాదు, నేను చదివితిని. వాని తండ్రి పేర 120 రూపాయలు ఖర్చు. ఏటేట వడ్డీ. ఒక యేడు జ్వరము మందులకు 4 రూపాయలు ఖర్చు. పండుగ గుడ్డలకు ఖర్చు – అవియు వ్రాసి యుండిరి! 1964 వరకు ఆ పుట నిండినది. జమ వైపు ఖాళీ.

వాడు ఓపికగా విని, కొంతసేపటికి అడిగెను: ‘ఎనుములు కాసిన ఏడేండ్లు యాడ రాసినాడు సామీ, పెద్దాయన?’

నేను పుట త్రిప్పి చూచితిని. మరల వెనుకకు త్రిప్పి చూచితిని.

‘రాయలేదు’ అంటిని.